సైలెన్సర్ విప్పాలంటే ముందు రేడియేటర్ విప్పండి

నట్టు కనిపిస్తూనే ఉంటుంది. టార్చిలైటు వేస్తే దాని మూలలు కూడా లెక్కపెట్టొచ్చు. పానా పెట్టబోతే మాత్రం రేడియేటర్ అడ్డొస్తుంది. పక్కనుంచి వెళ్దామంటే ఫ్రేము గొట్టం, కిందనుంచి వెళ్దామంటే పక్క సిలిండర్ నుంచి సైలెన్సర్‌కి పొగ తీసుకెళ్లే బెండు పైపు. ఎలాగోలా ఒక వేలు దూర్చి నట్టుని తాకగలం, అంతకుమించి ఏమీ చేయలేం. మోటార్‌సైకిల్ సైలెన్సర్ సొంతంగా విప్పిన వాళ్లలో చాలామందికి ఈ నట్టుతో పరిచయం ఉండే ఉంటుంది.

అప్పుడు అందరం చేసే పని ఒకటే. పనిముట్ల పెట్టెలో చేయి పెట్టి వెతుకుతాం. ఇంకాస్త పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు, ఇంకాస్త సన్నటి రింగు పానా, మెడ వంగే రాచెట్టు (నట్టు మీదనుంచి తీయకుండానే ముందుకీ వెనక్కీ ఊపుతూ తిప్పేది), అదీ కాకపోతే మధ్యలో ఎటైనా వంగే యూనివర్సల్ జాయింటు. ఏదో ఒకటి ఆ సందులో దూరకపోతుందా అని ఆశ. ఆ వెతుకులాట దగ్గరే పని దారి తప్పుతుందని నా నమ్మకం. ఆ నట్టు బిగించినవాళ్ల చేతికి అది అందింది. అందే వరసలోనే బిగించారు, ఆ తర్వాతే దాని ముందు మిగతావి వచ్చి చేరాయి. మనకి అందలేదంటే ఆ వరసలో వెనక్కి వెళ్లేటప్పుడు ఒకటో రెండో మెట్లు దాటేశామన్నమాట. కాబట్టి సందులో దూరే పనిముట్టు కోసం కాకుండా, సందుని వెడల్పు చేసే బోల్టు కోసం వెతకాలి. చాలా బళ్లలో ఆ బోల్టు రేడియేటర్‌ది, లేదా కింది గార్డుది, లేదా ఫుట్‌రెస్టుది.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. ఒక స్టడ్ (ఇంజన్‌లోకి బిగించి ఉండే తల లేని బోల్టు, నట్టు దాని మీదే ఎక్కుతుంది) విరగ్గొట్టి నేర్చుకున్నది.

మా బండి రెండు సిలిండర్ల, కూలెంట్‌తో చల్లబడే ఇంజన్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు సిలిండర్ హెడ్ (సిలిండర్ల పై భాగం) దగ్గర టప్ టప్ మని గాలి కొడుతున్న చప్పుడు మొదలైంది. వేడెక్కాక తగ్గిపోయేది. బెండు పైపు హెడ్‌లోకి వెళ్లే చోట పొగ లీకవకుండా పెట్టే గ్యాస్కెట్ పోయిందని అర్థమైంది. ఒక్కో పైపుకి 2 చొప్పున మొత్తం 4 నట్లు. మూడు బాగానే వచ్చాయి. నాలుగోది లోపలి వైపు, కింద, సరిగ్గా రేడియేటర్ వెనక. రేడియేటర్ విప్పాలంటే కూలెంట్ అంతా కార్చాలి, మళ్లీ నింపాలి, గాలి బుడగలు తీయాలి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. పొడుగు ఎక్స్‌టెన్షన్‌కి యూనివర్సల్ జాయింటు తగిలించి, దాని చివర సాకెట్ పెట్టి, ఫోర్కు పక్కనుంచి దూర్చాను. తమ్ముడు బండికి అటువైపు నేల మీద పడుకుని లైటు పట్టుకున్నాడు.

హ్యాండిల్ తిరిగింది. పావు చుట్టు, ఇంకో పావు చుట్టు. వదులైందని సంతోషపడ్డాను. అటునుంచి తమ్ముడు అన్నాడు, "అన్నయ్యా, నట్టు స్టడ్ మీద తిరగట్లేదు. స్టడ్ మెలి పడుతున్నట్టుంది." నువ్వు సరిగ్గా చూడట్లేదురా అని ఇంకో పావు చుట్టు తిప్పాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. చేతికి ఉన్న బరువు ఒక్కసారిగా తేలికైపోయింది. నట్టుతో పాటు స్టడ్ ముక్క కూడా సాకెట్‌లో ఉంది. మిగతా సగం హెడ్‌లో, అల్యూమినియంతో సమంగా విరిగిపోయింది. పట్టుకోవడానికి గోరంత కూడా బయట లేదు.

ఆ ముక్క తీయడానికి డ్రిల్లు తిన్నగా పెట్టాలి. డ్రిల్లు తిన్నగా పెట్టాలంటే రేడియేటర్ ఉండకూడదు. చివరికి విప్పాను. మూడు బోల్టులు, రెండు రబ్బరు బుష్‌లు. కూలెంట్ చుక్క కూడా కార్చలేదు, కూలెంట్ పైపులు తగిలించే ఉంచి రేడియేటర్‌ని ముందుకి వాల్చి తాడుతో కట్టాను. మొత్తం పావుగంట పట్టింది. దాని వెనక, బెండు పైపులు తీసేసిన ఆ చోట చేతులు రెండూ పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో కూర్చుని మూడు ఆదివారాలు ఆ ముక్కతో కుస్తీ పట్టాను.

ఆ మూడు ఆదివారాలు ఎందుకు పట్టాయో చెప్పాలి, ఎందుకంటే "విరిగితే విరిగింది, ఎక్స్‌ట్రాక్టర్‌తో తీసేద్దాం" అనేవాళ్లని చాలామందిని చూశాను (విరిగిన ముక్కకి రంధ్రం చేసి, అందులో దూర్చి వెనక్కి తిప్పి తీసే పనిముట్టు అది). స్టడ్ ఉక్కు, దాని చుట్టూ ఉన్న హెడ్ అల్యూమినియం. అల్యూమినియం మెత్తన కాబట్టి డ్రిల్లు బిట్టు ఎప్పుడూ అటువైపే జారాలని చూస్తుంది. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని చదును చేయాలి, సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టాలి, సన్నటి బిట్టుతో మొదలుపెట్టాలి. ఎం8 (8 మిల్లీమీటర్ల) స్టడ్‌కి థ్రెడ్ల కింద మిగిలే రంధ్రం 6.8 మిల్లీమీటర్లు. అంటే మధ్య నుంచి ఒక మిల్లీమీటరు పక్కకి జరిగినా బిట్టు హెడ్ థ్రెడ్లని తినేస్తుంది. ఇక ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద పనిచేయదు. అప్పుడు హెడ్ మొత్తం దింపి యంత్రాల మీద పనిచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. నాకు అంతదాకా రాలేదు. ఆ మూడు వారాల టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. యూనివర్సల్ జాయింటుతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది తిప్పే బలాన్ని సమంగా అందించదు. వంపు 30 డిగ్రీలు ఉంటే, మనం ఒకే బలంతో తిప్పుతున్నా అవతల నట్టుకి చేరేది ఒక చుట్టులోనే దాదాపు 13 శాతం తగ్గుతూ, 15 శాతం పెరుగుతూ ఉంటుంది. 45 డిగ్రీల వంపులో ఈ హెచ్చుతగ్గులు చాలా ఎక్కువ, 30 శాతం తగ్గడం నుంచి 40 శాతం పెరగడం దాకా. లెక్క సంగతి అలా ఉంచినా, బలం పెట్టగానే జాయింటు పక్కకి మడవడానికి చూస్తుంది. దానితో సాకెట్ నట్టు మీద ఓ పక్కకి వాలుతుంది. వాలిన సాకెట్ నట్టు పక్కల్ని వదిలేసి మూలల్ని పట్టుకుంటుంది. తుప్పుపట్టిన నట్టుకి మూలలే బలహీనం. రెండు మూడు ప్రయత్నాల్లో ఆ నట్టు గుండ్రంగా తయారవుతుంది.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. దీని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. చేతికి తెలియాల్సింది తెలియకుండా పోతుంది. తిన్నగా ఉన్న పొడుగు రాడ్డు బలాన్ని తగ్గించదు, నిజమే. హ్యాండిల్ దగ్గర ఎంత పెడితే చివర అంత చేరుతుంది. కానీ రాడ్డు స్ప్రింగులా మెలి తిరుగుతుంది, జాయింటులో సందులుంటాయి, ఆ కదలికలన్నీ కలిసి అసలు నట్టు దగ్గర ఏం జరుగుతోందో దాచేస్తాయి. నేను ఆ రోజు వదులైందనుకున్నది సగం రాడ్డు మెలి, సగం స్టడ్ మెలి. చిన్న పానాతో, నట్టుకి దగ్గరగా, తిన్నగా పట్టుకుని ఉంటే తమ్ముడు చెప్పకముందే నా చేయే చెప్పేది.

వదులయ్యే నట్టుకీ, విరగబోయే స్టడ్‌కీ చేతిలో తేడా బాగా తెలుస్తుంది. వదులయ్యే నట్టు మొదట రాయిలా ఉంటుంది. బలం పెంచుతూ పోతే ఒకచోట టక్ మని తెగినట్టు వస్తుంది. ఆ టక్ తర్వాత అది ముందుకన్నా తక్కువ బలంతో తిరుగుతుంది. కిర్రుమన్నా, గరగరలాడినా ఫరవాలేదు, తిరుగుతోంది. విరగబోయేది అలా ఉండదు. టక్ రాదు. మెత్తగా, రబ్బరు లాగినట్టు కదులుతుంది. తిప్పుతున్న కొద్దీ బలం తగ్గదు, అలాగే ఉంటుంది. హ్యాండిల్ మీద చేయి వదులు చేస్తే కాస్త వెనక్కి వస్తుంది. ఆ మెత్తదనం తగిలిన క్షణాన ఆగిపోవాలి. అప్పటికింకా స్టడ్‌ని కాపాడుకోవచ్చు.

చేతిని నమ్మలేకపోతే ఒక చిన్న పని చేయొచ్చు. తెల్ల పెయింటుతోనో మార్కర్‌తోనో నట్టు మీద నుంచి స్టడ్ కొస మీదుగా, కింద ఫ్లాంజి దాకా ఒకే గీత గీయండి. తిప్పాక చూడండి. నట్టు గీత కదిలి స్టడ్ గీత అలాగే ఉంటే నట్టు వస్తోంది. రెండూ కలిసి కదిలితే స్టడ్ హెడ్‌లోంచి ఊడి వస్తోంది, లేదా మెలి పడుతోంది. ఊడి రావడం మంచిదే, చాలామంది అనవసరంగా భయపడతారు. మొత్తంగా బయటికొచ్చిన స్టడ్‌ని వైస్‌లో బిగించి నట్టు విడదీసుకోవచ్చు, లేదా కొత్తది వేసుకోవచ్చు. మెలి పడుతుంటే వెంటనే ఆపి, ఆయిల్, వేడి, ఓపిక. ఈ గీత చూడాలన్నా ఆ చోటు కంటికి కనిపించాలి కదా. అందుకే మళ్లీ రేడియేటర్ దగ్గరికే వస్తున్నాను.

అసలు ఈ నట్లు ఇంతలా ఎందుకు పట్టేస్తాయి? ఇంజన్ నడిచిన ప్రతిసారీ బాగా కాలుతుంది, ఆపినప్పుడల్లా చల్లారుతుంది. ముందు చక్రం చిమ్మే నీళ్లూ మట్టీ నేరుగా అక్కడే పడతాయి. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికి ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి థ్రెడ్ల మధ్య సందంతా బిగుసుకుపోతుంది. హెడ్ లోపలి వైపు ఇంకో సమస్య. ఉక్కూ అల్యూమినియమూ తడిలో కలిసి ఉంటే రెండు లోహాల మధ్య జరిగే చర్యలో అల్యూమినియం తినబడి తెల్లటి పొడి తయారవుతుంది. అదీ జిగురులాగే పట్టేస్తుంది. అయితే ఈ రెండు లోహాల తేడానే మనకి సాయం కూడా చేస్తుంది. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే స్టడ్ హెడ్‌లో పట్టేస్తే హెడ్‌ని వేడి చేయాలి, రంధ్రం కాస్త పెద్దదవుతుంది. నట్టు స్టడ్ మీద పట్టేస్తే నట్టునే వేడి చేయాలి. దేన్ని వదిలించాలో చూసుకోకుండా అంతటినీ కాల్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

వేడి గురించి ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకెళ్లలేను. బ్రేకు క్లీనర్లలో కొన్ని క్లోరిన్ ఉన్న ద్రావకాలతో చేస్తారు. వాటిని కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. శుభ్రం చేశాక పూర్తిగా ఆరేదాకా మంట దగ్గరికి తీసుకురావద్దు. పెట్రోలు ట్యాంకు, ఇంధన పైపులు ఎక్కడున్నాయో చూసుకోండి. నేనైతే మంట వాడను, హాట్ ఎయిర్ గన్ మాత్రమే వాడతాను. నెమ్మదే, కానీ నిద్రపడుతుంది.

తుప్పు వదిలించే ఆయిల్‌కి సమయం కావాలి. కొట్టిన అయిదు నిమిషాలకే పానా పట్టుకోవడం వల్ల లాభం లేదు. ముందు రోజు సాయంత్రం, ఇంజన్ చల్లారాక కొట్టండి. రాత్రి ఇంకోసారి, పొద్దున ఇంకోసారి. కాలుతున్న పైపు మీద ఎప్పుడూ కొట్టకూడదు, మంట అంటుకోవచ్చు. కదిలాక కూడా ఒకేసారి విప్పేయకుండా, పావు చుట్టు వదులు చేసి, సగం వెనక్కి బిగించి, మళ్లీ వదులు చేయాలి. ఆ వెనక్కి తిప్పడంలో థ్రెడ్లలో నలిగిన తుప్పు బయటికొస్తుంది. కిర్రు చప్పుడు పెరిగితే ఇంకో చుక్క ఆయిల్. ఇదంతా ఓపికతో చేయగలిగేది చేయి హాయిగా ఉన్నప్పుడే. మెడ వంచుకుని, మోచేయి సందులో ఇరుక్కుని, వేళ్ల కొసలతో పట్టుకున్న పానాతో ఎవరూ ముందుకీ వెనక్కీ ఇరవైసార్లు తిప్పరు. ఎలాగైనా అయిపోతే చాలనిపించి ఒకే లాగు లాగుతారు. స్టడ్లు విరిగేది అక్కడే.

బలం లెక్క కూడా ఒకసారి చూద్దాం. చాలా బళ్లలో ఎం8 నట్టుకి బిగింపు 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది (మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి). 20 సెంటీమీటర్ల పానా కొస మీద 10 కిలోల బరువు పెట్టినంత అది. చేత్తో తేలిగ్గా పెట్టగలిగే బలం. పట్టేసిన నట్టుకి దీనికి రెండింతలు పెట్టాల్సి రావొచ్చు. అదే పానాకి గొట్టం తొడిగి, పొడుగు పెంచి, ఒంటి బరువంతా వేస్తే ఆ స్టడ్ తట్టుకోగలిగే హద్దు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. సన్నటి ఎం6 అయితే ఇంకా ముందే పోతుంది. అందని నట్టు దగ్గర మనకి బలం ఎప్పుడూ తక్కువ కాదు. తిన్నగా పెట్టే చోటు లేకపోవడమే కష్టం.

చోటు ఎంత ఉంటే ఏ పనిముట్టు నడుస్తుందో కూడా తెలిసి ఉండాలి. 36 పళ్ల రాచెట్టు ఒక్కో టిక్కుకి 10 డిగ్రీలు తిరగాలి. 20 సెంటీమీటర్ల హ్యాండిల్ కొస దగ్గర అది మూడున్నర సెంటీమీటర్ల కదలిక. 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు, రెండు సెంటీమీటర్ల లోపు. పన్నెండు మూలల రింగు పానాకి 30 డిగ్రీలు కావాలి, అంటే పది సెంటీమీటర్లకి పైగా ఊగే చోటు. కాబట్టి చోటు తక్కువున్నప్పుడు సన్నపళ్ల రాచెట్టు నిజంగానే ఉపయోగపడుతుంది. కాదనను. అయితే పట్టేసిన నట్టుని మొదట కదిలించేది దానితో చేయకండి. మొదటి కదలికకి ఆరు మూలల సాకెట్, పొట్టి ఎక్స్‌టెన్షన్, గట్టి హ్యాండిల్. వదులయ్యాక మిగతా చుట్లకి ఏదైనా పనికొస్తుంది. అలెన్ బోల్టుల (తలలో ఆరు మూలల గుంట ఉండేవి) విషయంలో గుండు కొస ఉన్న కీలు కూడా అంతే. వాలుగా తిప్పడానికి బాగుంటాయి, మొదటి బిగుతు విప్పడానికి పెడితే గుండు మెడ దగ్గర తెగి బోల్టులోనే ఉండిపోతుంది. ముందు సూదితో బోల్టు గుంటలోని మట్టంతా తీసి, తిన్నటి కీని సుత్తితో చిన్నగా తట్టి కూర్చోబెట్టండి. ఆ తట్టు తుప్పుని కూడా కదిలిస్తుంది.

కొన్ని బళ్లలో ఏమీ విప్పనక్కర్లేదు, హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పితే ముందు చక్రం పక్కకి జరిగి తిన్నటి దారి తెరుచుకుంటుంది. 30 సెంటీమీటర్ల రాడ్డు ముందునుంచి నేరుగా నట్టు మీదికి వెళ్తుంది. అలా కుదిరితే పొడుగు రాడ్డుకి నేను అడ్డు చెప్పను. మొదట నేల మీద కూర్చుని, ఒక సన్నటి కర్రో స్పోకో తీసుకుని, నట్టు మీద ఆనించి అది తిన్నగా ఎటువైపు బయటికొస్తుందో చూడండి. ఆ గీతకి ఏమేమి అడ్డున్నాయో లెక్కపెట్టండి. అవే మీరు విప్పాల్సినవి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటలో కూడా న్యాయం లేకపోలేదు. "ఎన్ని విప్పితే అన్ని కొత్త సమస్యలు, రేడియేటర్ బోల్టు కూడా విరగొచ్చు కదా, ప్లాస్టిక్ క్లిప్పులు విరిగిపోతాయి కదా" అంటారు. విరగొచ్చు. అయితే ఏది విరిగితే ఏమవుతుందో తూచి చూడండి. రేడియేటర్ బోల్టులు సాధారణంగా చిన్నవి, రబ్బరు బుష్‌ల మీద ఉంటాయి, సైలెన్సర్ నట్లంత వేడి ఎప్పుడూ చూడవు. క్లిప్పు విరిగితే కొత్త క్లిప్పు. హెడ్‌లోని స్టడ్ విరిగితే ఇంజనే ప్రమాదంలో పడుతుంది. రేడియేటర్ రెక్కలకి పానా తగిలి వంగుతాయనే భయం ఉంటే ముందు ఒక మందపాటి అట్టముక్క పెట్టుకోవాలి. నిజానికి రేడియేటర్‌ని అక్కడే ఉంచి దాని వెనక పానాలు ఊపేటప్పుడే ఆ రెక్కలకి ఎక్కువ ప్రమాదం.

ఇంకో మాట కూడా వింటుంటాను, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినవన్నీ విప్పక్కర్లేదు, వాళ్లు జాగ్రత్త కోసం ఎక్కువ రాస్తారు అని. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మాన్యువల్‌లో సైలెన్సర్ పేజీలో మొదటి వరసలోనే రేడియేటర్ బోల్టులు విప్పమని ఉంది. ఆ వరస దాటేసి రెండో వరస నుంచి మొదలుపెట్టాను.

ఏది విప్పినా దారి దొరకని నట్లు కొన్ని ఉంటాయి. ఫ్రేము గొట్టమే అడ్డమైతే ఫ్రేముని ఏం చేయగలం? అలాంటప్పుడు ఒక మామూలు రింగు పానా తీసుకుని, దాన్ని సగానికి కోసి, వేడి చేసి, కావలసినట్టు వంచుకోవడం పాతకాలపు పద్ధతి. నాకు దాని మీద చాలా గౌరవం. ఆ ఒక్క నట్టు కోసమే తయారైన పానా, అది నట్టు మీద తిన్నగా కూర్చుంటుంది. పక్కకి వాలే జాయింటుకన్నా వెయ్యి రెట్లు నయం.

ఇప్పటిదాకా హెడ్ దగ్గరి నట్ల గురించే చెప్పాను. వెనక, బెండు పైపూ సైలెన్సరూ కలిసే చోట ఉండే క్లాంపు బోల్టు సంగతి వేరు. చైను మీది గ్రీజు, రోడ్డు మట్టి, నీళ్లు కలిసి దాన్ని ముద్దలా చేసేస్తాయి. తరచుగా అది లోపలివైపు, చక్రంవైపు తిరిగి ఉంటుంది. కానీ అది క్లాంపులోంచి అటు నుంచి ఇటు దూసుకెళ్లే మామూలు బోల్టు, చివర నట్టు. దాన్ని కాపాడాలని ప్రాణం పెట్టక్కర్లేదు. ఒకసారి నిజాయతీగా ప్రయత్నించి, రాకపోతే కోసేయడమే. హెడ్‌లో ఉన్న స్టడ్‌కీ, క్లాంపు బోల్టుకీ ఒకే రకం ఓపిక చూపించేవాళ్లు మొదటిదాని దగ్గర తొందరపడతారు, రెండోదాని దగ్గర సాయంత్రమంతా కూర్చుంటారు. ఆ సాయంత్రాన్ని హెడ్ దగ్గర ఖర్చు పెట్టండి.

వెనకనుంచి, కిందనుంచి విప్పేటప్పుడు దిక్కు తికమక చాలామందిని మోసం చేస్తుంది. బోల్టు తల అటువైపు ఉండి మనం ఇటునుంచి చూస్తుంటే, విప్పే దిక్కు మన కంటికి సవ్యదిశలో కనిపిస్తుంది. అద్దం పెట్టి చూస్తే మళ్లీ ఇంకోసారి తారుమారు. విప్పుతున్నామనుకుని బిగించి విరగ్గొట్టినవాళ్లున్నారు. నేను అద్దం మానేసి ఫోను కెమెరాతో వీడియో తీసి చూస్తాను. ఆపైన బోల్టు తల పక్కన విప్పే దిక్కుకి బాణం గుర్తు వేసుకుంటాను. ఇలా కిందికి వెళ్లేటప్పుడు బండి సైడు స్టాండు మీద ఉండకూడదు, సెంటర్ స్టాండు మీదో, చక్రాన్ని లేపి పట్టే ప్యాడాక్ స్టాండు మీదో గట్టిగా నిలబెట్టి, తాడుతో కట్టి ఉండాలి. అన్నిటికన్నా చివర విప్పాల్సింది సైలెన్సర్‌ని వేలాడదీసే బోల్టు. ముందే తీసేస్తే ఆ బరువంతా స్టడ్ల మీద పడి అవి వంగుతాయి.

తిరిగి బిగించేటప్పుడు మాత్రం ఎవరూ తొందరపడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మళ్లీ విప్పేది కూడా మనమే, లేకపోతే మనలాంటి ఇంకొకరు. స్టడ్ థ్రెడ్లని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, వేడిని తట్టుకునే రాగి లేదా నికెల్ యాంటీ సీజ్ (థ్రెడ్లు పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాయండి. పలచగా అంటే థ్రెడ్ల మధ్య రంగు కనిపించేంత. అది రాశాక బిగింపు బలం కాస్త తగ్గించాలి. మామూలుగా మనం పెట్టే బలంలో దాదాపు 10 శాతమే నట్టుని నిజంగా బిగిస్తుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. రాపిడి తగ్గితే అదే బలంతో స్టడ్ ఎక్కువ సాగుతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి కొసకి క్రోఫుట్ లాంటి పక్క పానా తగిలిస్తే, అది రెంచికి తిన్నగా ఉంటే అంకె మారిపోతుంది. 25 సెంటీమీటర్ల రెంచికి 3 సెంటీమీటర్ల క్రోఫుట్ పెడితే బిగింపు 12 శాతం ఎక్కువవుతుంది. అడ్డంగా, 90 డిగ్రీల్లో పెడితే మారదు. గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే. అన్ని నట్లూ వేళ్లతో ఎక్కించి, సైలెన్సర్ బోల్టులు కూడా వదులుగా పెట్టి, ముందు హెడ్ దగ్గర కొంచెం కొంచెంగా అటూ ఇటూ సమంగా బిగించి, ఆ తర్వాతే వెనక్కి రావాలి. క్లాంపుని తిప్పి బోల్టు తల బయటివైపు వచ్చేలా పెట్టుకోండి, స్టాండుకీ నేలకీ తగలనంతవరకు.

నాలుగో స్టడ్ చోట కొత్తది వేశాను. హెడ్ థ్రెడ్లు బతికాయి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు నట్ల బిగుతూ మళ్లీ చూశాను.

కొంతకాలానికి అదే సైలెన్సర్ ఇంకో పని మీద విప్పాల్సి వచ్చింది. ఈసారి మొదట రేడియేటర్ మూడు బోల్టులు విప్పి, ముందుకి వాల్చి కట్టాను. తమ్ముడు లైటు తెచ్చి పక్కన కూర్చున్నాడు. పొట్టి ఎక్స్‌టెన్షన్‌తో, తిన్నగా, నాలుగో నట్టు మీద సాకెట్ పెట్టాను. టక్ మంది. ఆ తర్వాత నట్టు వేళ్లతోనే తిరిగింది. రాగి రంగు ఇంకా థ్రెడ్లలో ఉంది. పగటి వెలుతురు నేరుగా దాని మీదే పడుతోంది, లైటు వేయనేలేదు.